లూథర్ మీద వేసిన అభాండం

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి చేల మధ్య, మిరప కల్లాల పక్కన ఉన్న ఊళ్ళు తిరిగితే క్రైస్తవంలో రెండు రకాల గోడలు కనిపిస్తాయి. ఆర్.సి.ఎం., అంటే రోమన్ కతోలిక, గుడిలో మరియమాత, జోజప్పగారు, అంతోనివారు స్వరూపాలై నిలబడి ఉంటారు. వాళ్ళ ముందు కొవ్వొత్తులు, పూలదండలు. లూథరన్ చర్చిలోనో బాప్టిస్టు చర్చిలోనో అయితే సున్నం కొట్టిన గోడ, దాని మీద ఒక సిలువ, ఒక వాక్యం. ఈ తేడా ఎందుకొచ్చిందని లూథరన్ సంఘాల్లో అడిగితే తడుముకోకుండా జవాబొస్తుంది: ‘విగ్రహాలను లూథర్ తీయించేశాడు. మనం లూథర్ బిడ్డలం.’ అక్టోబరు 31న సంస్కరణ దినం ప్రసంగాల్లోనూ, సండే స్కూల్లోనూ, రెండు మిషన్ల మధ్య పెళ్ళి సంబంధం కుదిరినప్పుడు జరిగే వాదనల్లోనూ ఇదే మాట. చదువుకున్నవాళ్ళు కూడా దీన్ని చరిత్రగానే నమ్ముతున్నారు.

ఇది చరిత్ర కాదు, లూథర్ మీద వేసిన అభాండం. ఆయన విగ్రహాలు తీయించలేదు. తీసి పారేస్తున్నవాళ్ళను ఆపడానికి ప్రాణానికి తెగించి, దాక్కున్న కోటలోంచి బయటికొచ్చాడు.

1521లో వర్మ్స్ సభ తర్వాత చక్రవర్తి లూథర్‌కు చట్టరక్షణ లేకుండా చేశాడు. అంటే ఆయన్ని ఎవరు పట్టుకున్నా, చంపినా అడిగే నాథుడు లేడు. అప్పుడాయన మారుపేరుతో వార్ట్‌బుర్గ్ కోటలో దాక్కుని కొత్త నిబంధనను జర్మన్‌లోకి తిప్పుతున్నాడు. ఈలోగా విటెన్‌బర్గ్‌లో ఆయన సహచరుడు కార్ల్‌స్టాట్ సంస్కరణను తన చేతుల్లోకి తీసుకున్నాడు. బొమ్మలన్నీ తొలగించాలని 1522 జనవరిలో కరపత్రం వేశాడు. పట్టణ సభ ఆ నెలలోనే దానికి తగ్గట్టు శాసనం చేసింది. కొందరు ఆగలేక తామే గుళ్ళమీద పడ్డారు. కబురు విన్న లూథర్ మార్చి 6న ఊరికి తిరిగొచ్చాడు. మార్చి 9 ఆదివారం మొదలుపెట్టి రోజుకొకటి చొప్పున ఎనిమిది ప్రసంగాలు చేశాడు. ఊరు చల్లబడింది.

ఆ ప్రసంగాల్లో బొమ్మల గురించి ఆయన చెప్పింది దాచిపెట్టాల్సినంత కష్టమైన సంగతేమీ కాదు. బొమ్మలు ఉండితీరాలన్న నియమం లేదు, ఉండకూడదన్న నియమమూ లేదు. తనకు వాటి మీద మోజు లేదని కూడా ఒప్పుకున్నాడు. కానీ దేవుడు స్వేచ్ఛగా వదిలిన దాన్ని శాసనంగా మార్చి పక్కవాడి మెడకు చుట్టకూడదన్నాడు. జనం సూర్యచంద్రులకు మొక్కుతున్నారు, అంతమాత్రాన వాటిని ఆకాశం నుంచి పీకేస్తామా అని అడిగాడు. మూడేళ్ళ తర్వాత కార్ల్‌స్టాట్ మీద రాసిన పుస్తకంలో ఇంకో అడుగు ముందుకేశాడు. క్రీస్తు శ్రమల గురించి వింటే మనసులో సిలువ మీది మనిషి రూపం తనంతట తానే ఏర్పడుతుంది. మనసులో ఉంటే పాపం కానిది కళ్ళెదుట ఉంటే ఎలా పాపమవుతుంది? ఇదీ ఆయన తర్కం. ఆయన 1522లో అచ్చు వేయించిన కొత్త నిబంధనలోనే ప్రకటన గ్రంథానికి క్రానాఖ్ చిత్రశాల చెక్కించిన బొమ్మలున్నాయి. లూథర్ చనిపోయిన మరుసటేడు, 1547లో, ఆయన ప్రసంగించిన ఊరి గుడిలోనే బలిపీఠం వెనక పెద్ద చిత్రాల పీఠం నిలబెట్టారు. అందులో లూథర్ బొమ్మ కూడా ఉంది!

పుస్తకాల సాక్ష్యం చాలకపోతే చెక్క సాక్ష్యం చూడండి. లూథర్ పుట్టకముందు నుంచీ దక్షిణ జర్మనీలో చెక్కతో పునీతుల స్వరూపాలు చెక్కే పని పెద్ద వృత్తి. దానికి వాడింది లిండెన్ చెట్టు కలప. మెత్తన, ఒకే రకంగా ఉండే పోగు, ఉలికి ఎటు తిప్పితే అటు లొంగుతుంది. కానీ ఎండేకొద్దీ పగుళ్ళు తీస్తుంది. అందుకే పనివాళ్ళు దుంగను నిలువునా చీల్చి, వెనకవైపు చేవను తొలిచేసి, బొమ్మను లోపల డొల్లగా ఉంచేవారు. ముందు నుంచి నిండైన పునీతుడు, వెనక నుంచి చూస్తే దోనె. బొమ్మ మీద సుద్ద, జిగురు కలిపి పూత పూసి, దానిపైన రంగులు, బంగారు రేకు వేసేవారు. రంగు వేసేది వేరే పనివాళ్ళు. మన కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర మీద సున్నం పూసి రంగు వేసినట్టే అక్కడా ఒక బొమ్మ అనేక చేతులు మారేది.

వుర్జ్‌బుర్గ్‌లో టిల్మన్ రీమెన్‌ష్నైడర్ ఆ లెక్క మార్చాడు. 1490లలో మున్నర్‌స్టాట్ అనే ఊరి గుడికి మగ్దలేనా మరియ పీఠం చెక్కి, రంగులు లేకుండా వట్టి చెక్కగానే ఇచ్చాడు. కళ్ళ మడతలు, వేళ్ళ ముడుతలు, బట్ట కుచ్చెళ్ళు అన్నీ ఉలి గీసినవే, కుంచె సాయం లేదు. ఊరివాళ్ళకది నచ్చలేదు. పది పన్నెండేళ్ళకే నురంబెర్గ్ శిల్పి వైట్ ష్టోస్‌తో రంగు వేయించారు. కానీ రోటెన్‌బుర్గ్ సెయింట్ యాకోబు గుడిలో ఆయన 1505 నాటికి పూర్తిచేసిన పీఠం ఇప్పటికీ వట్టి చెక్కగానే ఉంది. మధ్యన కడరాత్రి భోజనం. అందరికంటే ముందు కనిపించేది యూదా, చేతిలో డబ్బు సంచి. పీఠం వెనకగోడకు అద్దాల కిటికీలు పెట్టారు కాబట్టి పొద్దు తిరిగేకొద్దీ వెలుగు మారి, శిష్యుల ముఖాల మీద నీడలు కదులుతాయి.

ఆ రోటెన్‌బుర్గ్ 1544లో లూథరన్ అయింది. ఆ గుడి ఇవాళా లూథరన్ గుడే. ఆ పీఠం ఇవాళా అక్కడే ఉంది.

దానికి దగ్గర్లోనే క్రెగ్లింగెన్ ఉంది. 1384లో ఒక రైతు దున్నుతుండగా చాలులో చెక్కుచెదరని సత్ప్రసాదం దొరికిందని చెప్పుకుని, ఆ పొలంలోనే గుడి కట్టారు. అక్కడ రీమెన్‌ష్నైడర్ మరియమాత పరలోకారోహణాన్ని చెక్కాడు. లూథరన్లు నమ్మే సిద్ధాంతంలో ఆ ఘట్టానికి చోటే లేదు. అయినా సంస్కరణ వచ్చాక ఆ గుడివాళ్ళు పీఠాన్ని తగలబెట్టలేదు. తలుపులు మూసి ఉంచారు, అంతే. 1832లో మళ్ళీ తెరిచి చూస్తే బొమ్మలు భద్రంగా ఉన్నాయి. నురంబెర్గ్ 1525లోనే లూథర్ పక్షం చేరింది. అక్కడి సెయింట్ లోరెంజ్ గుడి కప్పు నుంచి వైట్ ష్టోస్ 1518లో వేలాడదీసిన గాబ్రియేలు, మరియమ్మల భారీ చెక్క స్వరూపాల చుట్టూ గులాబీల జపమాల ఉంది. జపమాలను ఒప్పుకోని సంఘం కూడా దానికి గుడ్డ కప్పింది గానీ గొడ్డలి ఎత్తలేదు. 1817లో తాడు తెగి పడి ముక్కలైతే, ఆ ముక్కలు ఏరి అతికించి మళ్ళీ అక్కడే వేలాడదీశారు. విగ్రహాలు పగలగొట్టడమే లూథర్ మతమైతే, లూథర్ సొంత దేశంలో, లూథరన్ గుళ్ళలో, ఐదు వందల ఏళ్ళుగా ఈ బొమ్మలను ఎవరు కాపాడుతున్నట్టు?

మరి పగలగొట్టిందెవరు? జ్యూరిక్‌లో మరో సంస్కర్త జ్వింగ్లీ. 1524 వేసవిలో నగరసభ ఆజ్ఞతో తలుపులు మూసి గుళ్ళన్నీ ఖాళీ చేయించారు. బాజెల్‌లో 1529లో చెక్క పునీతులను కుప్పలు పోసి కాల్చారు. సంస్కరణవాదులతో పోట్లాడుతూనే పాత గుడిని ఎగతాళి చేసిన పండితుడు ఎరాస్మస్ ఆ ఏడే ఊరు వదిలి వెళ్ళిపోయాడు. 1566లో నెదర్లాండ్స్‌లో కాల్విన్ అనుచరులు గుడి తర్వాత గుడిని ఊడ్చేశారు. అది వేరే నది. ఆ నీళ్ళు ఇంగ్లండు ప్యూరిటన్ల మీదుగా అమెరికా చేరాయి. 1842 జులై 31న గుంటూరులో అడుగుపెట్టిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ జర్మనీలో హెల్మ్‌స్టెట్ బిడ్డే అయినా, మిషన్‌ను నడిపింది అమెరికా లూథరన్ సంఘాలు. ఆ రోజుల్లో గెట్టిస్‌బర్గ్ ష్ముకర్ లాంటి నాయకులు లూథరన్ పద్ధతులను చుట్టుపక్కల ప్యూరిటన్ వాసనకు దగ్గర చేస్తున్నారు. ఇక ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టులు, ఫిరంగిపురంలో మిల్‌హిల్ కతోలిక ఫాదర్లు. ఇలాంటి ఇరుగుపొరుగులో లూథరన్ గోడ తెల్లబడటం సహజం. తెల్ల గోడ తప్పని నేననను. దానికి లూథర్ సంతకం పెట్టడమే తప్పు.

‘లూథర్ సంగతి సరే, బైబిలు మాటేమిటి? రెండో ఆజ్ఞ ఉంది కదా’ అంటారు. లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం ఒకసారి తెరవండి. నిర్ధారణ తరగతుల్లో లూథరన్ పిల్లలు నేర్చుకునేది అదే. అందులో రెండో ఆజ్ఞ దేవుని నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించవద్దన్నది. చెక్కిన రూపాల మాట ప్రత్యేక ఆజ్ఞగా అందులో లేదు. కతోలికుల లెక్క కూడా అదే. చెక్కిన రూపాల మాటను విడదీసి రెండో ఆజ్ఞగా లెక్కపెట్టేది జ్వింగ్లీ, కాల్విన్ మార్గం, దాని వెంట వచ్చిన బాప్టిస్టులు. అంటే ఆ వాదన చేసే లూథరన్ సోదరుడు పక్క మిషన్ లెక్కను తన ప్రవక్తకు అంటగడుతున్నాడు.

సంఖ్య పక్కన పెట్టి వాక్యమే చూద్దాం. ఆజ్ఞలు ఇరవయ్యో అధ్యాయంలో ఉన్న అదే నిర్గమకాండంలో, ఐదు అధ్యాయాలు దాటగానే మందసం మీద కెరూబులను చేయమని ఆజ్ఞ. ముప్పైఒకటో అధ్యాయంలో బెసలేలును పేరు పెట్టి పిలిచి దేవుని ఆత్మతో నింపింది ఎందుకు? లోహం పనికి, రత్నాలు పొదిగే పనికి, కర్ర చెక్కే పనికి. సొలొమోను కట్టించిన మందిరం లోపలి గదిలో ఒలీవ కర్రతో పది మూరల ఎత్తు కెరూబులు నిలబడ్డాయి. ‘మరి యెషయా నలభై నాలుగో అధ్యాయం?’ అంటారు. నిజమే, సగం కర్రతో అన్నం వండుకుని మిగతా సగానికి మొక్కే మనిషిని ప్రవక్త అక్కడ చీల్చి చెండాడాడు. ఆ ఎగతాళి తగిలేది కర్రముక్కను చూసి నువ్వే నా దేవుడివి అన్నవాడికి. ఉలి పట్టుకున్నవాళ్ళందరికీ తగిలేట్టయితే బెసలేలుకూ తగలాలి.

దుర్వినియోగం జరగలేదా? జరిగింది, దాచేదేం లేదు. 1519లో రేగన్స్‌బుర్గ్‌లో యూదులను ఊరి నుంచి తరిమేసి, వాళ్ళ ప్రార్థనాలయం కూల్చిన చోట మరియమాతకు గుడి కట్టి, అద్భుతాలు జరుగుతున్నాయని జనాన్ని వేలకు వేలుగా రప్పించారు. దాన్ని లూథర్ దుమ్మెత్తిపోశాడు, మనమూ పోయాలి. హిజ్కియా రాజు కూడా, మోషే చేయించిన ఇత్తడి పాముకు జనం ధూపం వేయడం మొదలుపెట్టాక దాన్ని ముక్కలు చేయించాడు. కానీ గమనించండి, చేయించిన మోషే తప్పు చేశాడని బైబిలు ఎక్కడా అనలేదు. పురుగు పట్టిందని పత్తిని తిట్టే రైతు ఉంటాడు గానీ, పత్తి గింజే పాపమనే రైతు ఉండడు. మొక్కులు డబ్బు మూటలైతే ఆ మూటల లెక్క అడగండి. భయపెట్టి కొవ్వొత్తులు అమ్మితే ఆ అమ్మకాన్ని నిలదీయండి. నిందను చెక్క మీదకు నెట్టేస్తే అసలు దోషి తప్పించుకుంటాడు.

ఇంతవరకూ వచ్చినవి పండితుల వాదనలు. వీటికంటే బలమైంది ఇంకొకటుంది. దాన్ని గౌరవంగానే ఎదుర్కోవాలి. 1866లో యెర్రగుంట్ల పేరయ్యతో ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పల్లెల్లో మొదలైన క్రైస్తవ కదలిక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందేదాకా పోయింది. ఆ జనానికి విగ్రహమంటే కళ కాదు, తమ ముఖాన మూసిన గుడి తలుపు. విగ్రహం వద్దనడం వాళ్ళకు ఆత్మగౌరవం. ‘మమ్మల్ని దూరం పెట్టిన దాన్ని మళ్ళీ మా ఇంట్లోకి తెస్తావా?’ అన్న ప్రశ్నకు ఏ కళాచరిత్ర పుస్తకమూ సరిపోదు.

కానీ ఆ ప్రశ్నలో ఒక లెక్క దాగి ఉంది: బొమ్మ అంటే పెత్తందార్ల పక్షం, బొమ్మ లేకపోవడం అంటే పేదల పక్షం. ఈ లెక్క తప్పని 1525 నిరూపించింది. ఆ ఏడు జర్మన్ రైతులు వెట్టికీ పన్నులకూ తిరగబడ్డారు. రైతుల మీదికి సైన్యాన్ని పంపడానికి వుర్జ్‌బుర్గ్ నగరసభ ఒప్పుకోలేదు. ఆ సభలో ఒక సభ్యుడు, అంతకుముందు నగరాధ్యక్షుడుగా పనిచేసినవాడు, పునీతుల స్వరూపాలు చెక్కిన రీమెన్‌ష్నైడరే. రైతులు ఓడిపోయాక బిషప్పు ఆయన్ని కోటలో బంధించి చిత్రహింసలు పెట్టించి, ఆస్తి లాక్కున్నాడు. 1531లో చనిపోయేదాకా చెప్పుకోదగ్గ పెద్ద పనేదీ ఆయన చేతి నుంచి రాలేదు. బలిపీఠాలకు బొమ్మలు వేసిన చిత్రకారుడు యోర్గ్ రాట్గెబ్‌ను రైతుల వైపు నిలబడినందుకు మరుసటేడు గుర్రాలకు కట్టి చీల్చి చంపారు. అదే 1525లో రైతులను కొట్టండి, పొడవండి అని దొరలకు పుస్తకం రాసిచ్చిందెవరు? మార్టిన్ లూథర్! బొమ్మలు చెక్కినవాడు రైతులతో నిలబడ్డాడు, సంస్కర్త దొరలతో నిలబడ్డాడు. పల్లెను దూరం పెట్టింది తలుపు, ఆ తలుపు వెనకున్న కులం. బొమ్మలు లేని చర్చిలో కులం లేదని చెప్పగల ధైర్యం ఎవరికుంది? బొమ్మలున్న గుడిలోనూ అడగాల్సింది అదే: పండగనాడు తేరు ఎవరి భుజాల మీద లేస్తోంది, ఏ వీధి దాకా వచ్చి వెనక్కి తిరుగుతోంది?

రెండు నాల్కల ధోరణి కూడా కాస్త చూడాలి. స్వరూపం కనబడితే ముఖం తిప్పుకునే ఇంట్లో, గోడకు యేసు బొమ్మ క్యాలెండరు ఉంటుంది. గిరజాల జుట్టు, గోధుమరంగు గడ్డం ఉన్న ఆ ముఖాన్ని 1940లో అమెరికా చిత్రకారుడు వార్నర్ సాల్‌మన్ వేశాడు. క్రిస్మస్‌కు పశువుల తొట్టి, గొర్రెలు, జ్ఞానులు. సండే స్కూల్లో రంగురంగుల చార్టులు. ఏప్రిల్ 14న పల్లె నడిబొడ్డున అంబేద్కర్ విగ్రహానికి దండ వేసి, కొవ్వొత్తి వెలిగించి, చేతులు జోడిస్తాం. దాన్నెవరూ విగ్రహారాధన అనరు, అనకూడదు కూడా. మనిషి తనకు మేలు చేసినవాణ్ణి కళ్ళెదుట చూసుకోవాలనుకుంటాడు. అంబేద్కర్ విషయంలో మనకు ఇంత స్పష్టంగా తెలిసిన భేదం అంతోనివారి దగ్గరకొచ్చేసరికి ఎందుకు మాయమవుతుంది?

రూపమా, అరూపమా అన్న తగువు ఈ నేలకు కొత్త కాదు. అమరావతి స్తూపం మీద తొలినాటి పలకల్లో బుద్ధుడు లేడు, పాదముద్రలు, ఖాళీ ఆసనం, బోధివృక్షం ఉన్నాయి. తర్వాతి పలకల్లో బుద్ధుడే నిలబడ్డాడు. రెండు తరహాలూ ఒకే స్తూపానికి అలంకారమయ్యాయి. ఆ పలకలను సున్నం కోసం కాల్చింది వాటి విలువ తెలియని తర్వాతి కాలంవాళ్ళు.

ఆర్.సి.ఎం. పెద్దలకూ ఒక మాట. లూథర్ విషయంలో మీ పక్షాన మాట్లాడాను కదా అని మీ స్వరూపాలన్నీ బాగున్నాయని కాదు. రీమెన్‌ష్నైడర్ చెక్కిన అపొస్తలుల్లో వుర్జ్‌బుర్గ్ సంతలో తిరిగే ముఖాలున్నాయి. మన గుళ్ళలో నిలబడ్డవాళ్ళలో ఎక్కువమంది అచ్చులో పోసిన ప్లాస్టరు, ఫైబరు మనుషులు. గులాబీ బుగ్గలు, నీలి కళ్ళు, ఏ ఊళ్ళో చూసినా అదే చిరునవ్వు. పరాయి బొమ్మలని వెక్కిరించేవాళ్ళకు మీరే అవకాశమిస్తున్నారు. కృష్ణ దాటితే కొండపల్లి ఉంది. పల్నాడులో దుర్గి రాతి శిల్పులున్నారు. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో దేవతామూర్తులను చెక్కతో చెక్కే కుటుంబాలున్నాయి. వాళ్ళకు ఒక జోజప్ప పని ఇచ్చి చూడండి. ఆయన వడ్రంగి, ఉలి పట్టుకున్న చేతుల సంగతి వాళ్ళకు తెలిసినంతగా అచ్చు కంపెనీకి తెలియదు.

లూథరన్ పాస్టర్లకు, సండే స్కూలు టీచర్లకు నా విన్నపం చిన్నది. ఈసారి సంస్కరణ దినాన తొంభై అయిదు వాదాల కథతో పాటు 1522 మార్చి ప్రసంగాల కథ కూడా చెప్పండి. రోటెన్‌బుర్గ్ గుడి ఫొటో ఒకటి పిల్లలకు చూపించి, ఇది మన సంఘపు గుడేనని చెప్పండి. ఆపైన మీ గోడ తెల్లగానే ఉంచుకోండి. ఆ స్వేచ్ఛ మీకు ఇచ్చింది లూథరే, పక్కవాడికి స్వరూపం ఉంచుకునే స్వేచ్ఛ ఇచ్చిందీ ఆయనే. బొమ్మ వద్దనే హక్కు మీకుంది. లూథర్ వద్దన్నాడని చెప్పే హక్కు మాత్రం లేదు.